యాభై వాట్ల రేడియో: అనంతపురం జిల్లా పల్లెల్లో ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి. కాగితాలు

మా కమ్యూనిటీ రేడియోకు లెటర్ ఆఫ్ ఇంటెంట్ (కేంద్రం ప్రాథమికంగా ఒప్పుకుంటూ ఇచ్చే పత్రం) చేతికొచ్చింది. 2024 ఫిబ్రవరిలో సవరించిన కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాల ప్రకారం దీని గడువు ఏడాది, అనుకోని ఆటంకాలుంటే ఇంకో మూడు నెలలు. ఈలోగా ఫ్రీక్వెన్సీ కేటాయింపు కావాలి, టవరు స్థలానికి సాక్ఫా (వైర్‌లెస్ స్థలాలను పరిశీలించే కేంద్ర కమిటీ) క్లియరెన్స్ కావాలి, కేంద్ర సమాచార ప్రసార శాఖతో గోపా (అనుమతి మంజూరు) ఒప్పందం మీద సంతకాలు కావాలి. ఆ తర్వాత వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్స్. అది రాకముందు యాంటెన్నాలోకి ఒక్క వాటు పంపినా నేరమే. “ఊరికే టెస్టింగు” అనే మినహాయింపు చట్టంలో లేదు.

దరఖాస్తు వేయబోయే వేరే ఊళ్లవాళ్లకు ఒక మాట. లాభాపేక్ష లేని సంస్థ అయి ఉండాలి, స్థానికంగా కనీసం మూడేళ్లు పని చేసి ఉండాలి. రాయలసీమలో దీంతోపాటు ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కదిరి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, డోన్, బేతంచెర్ల నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం మీద పాత జిల్లా, బ్యాంకు ఖాతాలో కొత్త జిల్లా, స్థలం పత్రంలో ఇంకోటి ఉంటే ప్రతి మెట్టు దగ్గరా వివరణ రాయాల్సి వస్తుంది. దరఖాస్తుకు ముందే అన్నింట్లో ఒకే చిరునామా ఉండేలా దిద్దించుకోవడం మేలు. కళ్యాణదుర్గం అనంతపురంలోనే ఉండిపోయింది కాబట్టి మాకు ఆ బాధ తప్పింది.

కార్యక్రమాల సలహా కమిటీలో సగం మంది మహిళలు ఉండాలన్నది కొత్త నిబంధన. పొదుపు సంఘాలున్న ఊళ్లో ఇది కష్టమైన పనేమీ కాదు. కష్టమల్లా కమిటీ కూర్చునే వేళను వాళ్ల పనివేళలకు తగ్గట్టు పెట్టడంలోనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ పెడితే మగవాళ్లే వస్తారు. రాత్రి ఏడున్నర తర్వాత పెడితే అందరూ వస్తారు.

ఫిబ్రవరి. స్థలం

ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే మాట: “గుట్ట మీద పెట్టండి, నాలుగు మండలాలకు వినపడుతుంది.” వినపడటం వరకు నిజమే. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు మేర పోతుంది. గుట్ట అడ్డొస్తే వెనక నీడ పడుతుంది. అయినా గుట్ట వద్దనుకున్నాం. స్టూడియో ఊళ్లో, టవరు గుట్ట మీద ఉంటే ఆ రెండింటి మధ్య ఇంకో వైర్‌లెస్ లింకు కావాలి, దానికి మళ్లీ వేరే అనుమతి. పైన కరెంటు లైను లేదు. రాతి మీద ఎర్త్ గుంత తవ్వలేం, పిడుగులు మాత్రం మొదట అక్కడే పడతాయి. రాత్రి ఎనిమిదిన్నరకు ప్రసారం ఆపి కిందికి దిగాల్సింది ఆడపిల్లలు కూడా. ఇవన్నీ కలిపి చూస్తే, అదనంగా దొరికే నాలుగైదు కిలోమీటర్ల కోసం రేడియోనే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ఊరికి ఉత్తరాన, బడి వెనకాల ఉన్న మెరక ఖాయమైంది. స్టూడియో గది, టవరు ఒకే ఆవరణలో ఉంటాయి. యాంటెన్నా నేల నుంచి 30 మీటర్లు దాటకూడదు, 15 మీటర్లకు తగ్గకూడదు. కింది హద్దు కొంత, దగ్గర్లో తిరిగే మనుషుల మీద రేడియేషన్ ఎక్కువ పడకుండా పెట్టింది. అక్షాంశ రేఖాంశాలను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇవ్వాలి. ఒక సెకను తేడా అంటే నేల మీద సుమారు 30 మీటర్లు. ఫోను జీపీఎస్‌ను మొదటిసారి ఆన్ చేయగానే చూపించే అంకెను నమ్మకూడదు. ఆరుబయట పది నిమిషాలు ఉంచి, రెండు మూడు ఫోన్లలో చూసి రాసుకోవాలి. క్లియరెన్స్ వచ్చేది ఆ బిందువుకే. తర్వాత “కొంచెం పక్కకు జరుపుదాం” అనడానికి లేదు. ఓర్వకల్లు, కడప, పుట్టపర్తి విమానాశ్రయాలకు దగ్గర్లో ఉన్నవాళ్లు టవరు ఎత్తు గురించి ముందే కనుక్కోవాలి.

నేల ఎత్తుపల్లాల పటం ఉచితంగా దొరుకుతుంది. గూగుల్ ఎర్త్‌లో టవరు దగ్గర్నుంచి ఒక్కో ఊరికి గీత గీసి, ఎలివేషన్ ప్రొఫైల్ చూస్తే నీడ ఎక్కడ పడుతుందో ముందే తెలిసిపోతుంది. పడమటి గుట్ట వెనక ఉన్న రెండు తాండాలకు సిగ్నల్ బలహీనంగా ఉంటుందని ఈ పటం చెప్పింది. వాళ్లకు ఆ మాట ముందే చెప్పాం.

ఫిబ్రవరి చివర. వాట్ల లెక్క

కమ్యూనిటీ రేడియోకు అనుమతించే ప్రసార బలం 100 వాట్ల ఈఆర్‌పీ. ట్రాన్స్‌మిటర్ 100 వాట్లది కొనాలని దీనర్థం కాదు. కేబుల్లో పోయింది తీసేసి, యాంటెన్నా కూడగట్టింది కలిపితే వచ్చేదే ఈఆర్‌పీ. అందుకే అందరూ 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెడతారు. సర్వీసు ప్రాంతం చుట్టూ 5 నుంచి 10 కిలోమీటర్లు.

కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నా దాకా 40 మీటర్ల పొడవుకు రెండు రకాలు పోల్చి చూశాం. మామూలుగా దొరికే ఆర్‌జీ-213లో 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు ఆరున్నర డీబీ (డెసిబెల్, బలం హెచ్చుతగ్గుల కొలత) నష్టం. అంటే 40 మీటర్లకు 2.6 డీబీ. కింద 50 వాట్లు పెడితే పైకి చేరేది 27. అరంగుళం ఫోమ్ హీలియాక్స్‌లో 100 మీటర్లకు 2.2 డీబీ లోపే, కాబట్టి పైకి 41 వాట్లు చేరతాయి. దాని మీద రెండు బేల యాంటెన్నా, అంటే ఒకదాని పైన ఒకటి రెండు డైపోళ్లు (ప్రసారం చేసే కడ్డీలు) ఉన్నది, పెడితే ఇంకో 3 డీబీ, అంటే రెట్టింపు: 82 వాట్ల ఈఆర్‌పీ. కనెక్టర్లలో పోయేది పోగా 75 పైనే. అదే యాంటెన్నాను ఆర్‌జీ-213తో నడిపితే 54 దగ్గర ఆగుతుంది. ఈ రెండింటి తేడా అంచున ఉన్న ఊళ్లలో చెవికి తెలుస్తుంది. బడ్జెట్ తయారుచేసేవాళ్లు మిక్సర్, మైకులతో మొదలుపెట్టి చివరికి మిగిలిన డబ్బుతో కేబుల్ కొంటారు. మేము యాంటెన్నాతో మొదలుపెట్టి కిందికొచ్చాం. ఆ తర్వాత కేబుల్, ఎర్తింగ్, కరెంటు, ట్రాన్స్‌మిటర్. చివర్న స్టూడియో. మైకు వచ్చే ఏడాదైనా మార్చుకోవచ్చు. 30 మీటర్ల ఎత్తున ఉన్నదాన్ని మార్చాలంటే మనిషిని ఎక్కించాలి, ప్రసారం ఆపాలి.

యాంటెన్నా నిలువు పోలరైజేషన్‌ది, అంటే తరంగం నిలువుగా ఊగుతుంది. ఆటోలో, బైకు మీద, చేతిలోని ఫోనులో వినేవాళ్లకు అదే అనుకూలం. 90.4 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 3.32 మీటర్లు. అర తరంగ డైపోల్ పొడవు సుమారు 1.58 మీటర్లు వస్తుంది. రెండు బేల మధ్య దూరం మూడు మీటర్ల లోపు. తయారీదారు ఇచ్చిన కొలతను చేత్తో తాడు పట్టి కాకుండా టేపుతో చూడాలి. రెండు బేలకు పోయే కేబుల్ ముక్కలు సమానంగా ఉండాలి. ఒకటి పొట్టిదైతే రెండు తరంగాలు వేర్వేరు వేళల్లో బయల్దేరి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. డైపోళ్లను టవరుకు ఒకే వైపున బిగిస్తే టవరు వెనక వైపు సిగ్నల్ కొంత తగ్గుతుంది. మన ఊళ్లు ఎక్కువ ఉన్న దిక్కుకు ముఖం పెట్టి బిగించాం.

మార్చి. టవరు

టవరు 24 మీటర్లు, దాని మీద 6 మీటర్ల జీఐ పైపు. యాంటెన్నా కొసతో కలిపి 30 దాటదు. 3 మీటర్ల లాటిస్ సెక్షన్లు ఎనిమిది, ముఖం వెడల్పు అడుగు, హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించినవి. పెయింటు వేసిన ఇనుము చవక. కానీ అతుకుల దగ్గర తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది, పైకి కనపడదు.

టవరును లాగి పట్టే స్టే వైర్లు మూడు ఎత్తుల్లో, మూడు దిక్కులకు, మధ్య 120 డిగ్రీలు. లంగరు గుంతలు టవరు మొదలు నుంచి ఎత్తులో 70 శాతం దూరంలో, అంటే సుమారు 17 మీటర్ల దూరంలో. కాబట్టి 35 మీటర్ల అడ్డం ఉన్న ఖాళీ జాగా కావాలి. అంత జాగా లేనివాళ్లు స్టే లేకుండా నిలబడే టవరు కట్టాలి. దానికి పునాది కాంక్రీటు చాలా ఎక్కువ పడుతుంది. లంగరు గుంత ఒక్కోటి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. ఎర్ర గరుసు కింద మూడడుగులకే బండ తగిలిన చోట, బండలోకి రంధ్రం తొలిచి రాడ్డు దించి గ్రౌటింగ్ చేయించాలి. బండ పైన కాంక్రీటు ముద్ద పోసి సరిపెట్టుకుంటే అది ఒరుసుకుంటూ కదులుతుంది.

ఇక్కడ గాలి సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలి వారాల తరబడి ఒకే దిక్కు నుంచి తోస్తుంది. టవరు పడిపోవడం అరుదు. ఎక్కువగా జరిగేదేమిటంటే టర్న్‌బకిల్ (స్టే వైరును బిగించే మర) తనంతట తాను విప్పుకోవడం. ప్రతి టర్న్‌బకిల్ గుండా ఒక తీగ దూర్చి ముడివేస్తే తిరగదు. పది రూపాయల తీగ అది. గాలి దినాలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బిగింపు చూడాలి. గేదెలు, మేకలు స్టే వైర్ల దగ్గర మెడ గీరుకోకుండా చుట్టూ కంప వేయాలి. ఇది నవ్వుకోవాల్సిన సంగతి కాదు, రోజూ గీరుకుంటే బిగింపు నిజంగానే సడలుతుంది.

టవరు ఎక్కే పని వలంటీర్లది కాదు. ఫుల్ బాడీ హార్నెస్ ఉన్న రిగ్గర్లనే ఎక్కించాలి. ఊళ్లో కుర్రాళ్లు తాటిచెట్టు ఎక్కినంత సులువుగా ఎక్కుతామంటారు. ఒప్పుకోకూడదు.

ఏప్రిల్, మే. ఎర్తింగ్

ఈ ప్రాజెక్టులో ఎక్కువ చెమట కార్చింది ఇక్కడే. కడప, కర్నూలు నల్లరేగళ్లలో ఎర్త్ గుంత ఒక పూట పని. అనంతపురం ఎర్ర గరుసులో కాదు. నీళ్లు నిలవని నేల కరెంటునూ సరిగ్గా మోయదు.

ఎర్తింగ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎలక్ట్రోడు కనీసం రెండున్నర మీటర్ల పొడవు, 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న జీఐ పైపు. ఇలాంటి పైపు ఒక్కటే నాటితే గరుసు నేలలో 30 ఓమ్‌లకు పైనే చూపిస్తుంది. మాకు కావలసింది 5 లోపు. “ఇంకో నాలుగు గుంతలు తవ్వండి” అంటారు ఎలక్ట్రీషియన్లు. కానీ నాలుగు గుంతలు తవ్వితే నాలుగో వంతుకు తగ్గదు. ఒకదాని ప్రాంతంలోకి ఇంకోటి చొరబడుతుంది కాబట్టి మూడో వంతు దగ్గర ఆగుతుంది. అదీ గుంతల మధ్య దూరం పైపు పొడవుకు రెట్టింపు ఉంటేనే.

పని చేసిన దారులు మూడు. మొదటిది చెరువు మట్టి. గుంతలో తవ్విన గరుసే మళ్లీ నింపకుండా, చెరువు ఒండ్రుతో, దానికి బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే బంకమట్టి) కలిపి నింపాలి. ఉప్పు, బొగ్గు వేసే పాత పద్ధతిలో మొదటి ఏడాది అంకె బాగుంటుంది. తర్వాత ఉప్పు వానకు కరిగి పోతుంది, ఉన్నన్నాళ్లూ పైపును తింటుంది. రెండోది, బండ తగిలిన చోట నిలువుగా పోలేం కాబట్టి అడ్డంగా పోవడం. 25×3 మిల్లీమీటర్ల జీఐ పట్టీని అడుగున్నర నుంచి రెండడుగుల లోతు కాలువలో 20 మీటర్లు పరిచి, వీధి కొళాయి నీళ్లు పారే తడి వైపుకు తీసుకెళ్లాం. మూడోది ఈ జిల్లాకే సరిపోయేది: ఎండిపోయిన బోరు. ఇనుప కేసింగ్ ఉన్న పాత బోరు ఆవరణలో ఉంటే అంతకు మించిన ఎలక్ట్రోడు లేదు, అది పదుల అడుగుల లోతుకు పోయి ఉంటుంది. పీవీసీ కేసింగ్ అయితే పనికిరాదు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కేసింగ్‌ను గీకి మెరిపించి, క్లాంపు బిగించి, పైన బిటుమెన్ పూయాలి.

కొలవడం మే నెలలోనే. వాన పడ్డ మర్నాడు ఏ గుంతైనా మంచి అంకె చూపిస్తుంది. ఎర్త్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్‌తో మూడు మేకుల పద్ధతిలో కొలిచేటప్పుడు, మధ్య మేకును బయటి మేకు దూరంలో 62 శాతం దగ్గర నాటాలి. దాన్ని కాస్త ముందుకు, కాస్త వెనక్కు జరిపి మళ్లీ చూడాలి. అంకె మారిపోతూ ఉంటే బయటి మేకు సరిపోయినంత దూరంలో లేదన్నమాట.

పిడుగుకు టవరు కొసన ముల్లు, దాన్నుంచి వంపులు లేకుండా నేరుగా కిందికి పట్టీ. కేబుల్ గదిలోకి దూరే చోట గ్యాస్ ట్యూబు అరెస్టర్ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించేది). అన్నిటికంటే పెద్ద ప్రమాదం, టవరు ఎర్త్‌ను, గది కరెంటు ఎర్త్‌ను విడివిడిగా వదిలేయడం. “పిడుగు టవరు గుంతలోనే పోవాలి, మన గుంతలోకి రాకూడదు” అన్న వాదన వినడానికి బాగుంటుంది. పిడుగు పడిన క్షణంలో రెండు గుంతల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా తనకు దారి వెతుక్కునేది ట్రాన్స్‌మిటర్ గుండానే. అన్ని గుంతలనూ నేల కిందే పట్టీతో కలిపేయాలి.

పై కనెక్టర్లకు ముందు సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు, దాని మీద పీవీసీ టేపు. కింది నుంచి పైకి చుట్టాలి, అప్పుడే పెంకుటింటి కప్పులా పొర మీద నుంచి పొర నీటిని జార్చేస్తుంది. ఉత్త పీవీసీ టేపు ఇక్కడి ఎండకు ఒక వేసవిలోనే పగిలిపోతుంది. గోడలోకి దూరేముందు కేబుల్‌ను కిందికి వంకీ తిప్పి మళ్లీ పైకి తేవాలి. లేకపోతే వాన నీరు కేబుల్ వెంట నేరుగా ట్రాన్స్‌మిటర్ దాకా వస్తుంది.

జూన్. కరెంటు

మొత్తం లోడు కలిపి చూస్తే 300 వాట్లు. ఇందులో ట్రాన్స్‌మిటర్ ఒక్కటే 110, మినీ పీసీ 40, మానిటరు 25, మిక్సరు 25, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు 56, మిగిలింది రౌటరు, ప్రాసెసరు, లైట్లు. రోజుకు ఆరు గంటలు నడిస్తే 1.8 యూనిట్లు, ఇన్వర్టరు నష్టంతో 2.1.

540 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే రోజుకు నాలుగు యూనిట్ల పైచిలుకు వస్తాయి. ఎన్.పి. కుంటలో, ఓర్వకల్లులో అంత పెద్ద సోలార్ పార్కులు వెలిసింది ఈ ఎండను చూసే. ప్యానెళ్లు దక్షిణానికి, 15 డిగ్రీల వాలులో. వారానికోసారి తెల్లారుజామున నీళ్లతో తుడవాలి. మధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు. బ్యాటరీలు 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ రెండు. సగానికి మించి వాడకుండా ఉంటే ఐదు గంటలు నడుస్తుంది, అంటే ఉదయం, సాయంత్రం రెండు ప్రసారాలూ కలిపి.

గ్రిడ్డు కరెంటును వదిలేయలేదు, కానీ ట్రాన్స్‌మిటర్‌ను దాని మీద నేరుగా పెట్టలేదు. ఇళ్లూ బోర్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్న చోట, మోటార్లన్నీ ఒక్కసారి మొదలైనప్పుడు వోల్టేజీ 180కి పడిపోతుంది. అవన్నీ ఆగిపోయినప్పుడు ఒక్కసారిగా ఎగురుతుంది. పరికరాలను చంపేది ఆ ఎగురుడే. ఇన్వర్టరు ప్యూర్ సైన్‌వేవ్‌ది అయితీరాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మిక్సరు మోగినంతసేపూ తేనెటీగల రొద వినిపిస్తుంది.

జూలై. గది

కడప, కర్నూలు, అనంతపురం ఇళ్లలో గది అంటే కింద నాపబండలు, పైన బండల మిద్దె, నాలుగు వైపులా నున్నటి గోడలు. ఉండటానికి చల్లగా ఉంటుంది. మాట్లాడితే మాత్రం గొంతు గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి, “టిర్ర్” అని సాగితే ఆ గది ఇంకా సిద్ధం కానట్టే. మా గది 10 అడుగులు, 12 అడుగులు. చదరంగా ఉన్న గదిని తీసుకోకూడదు. ఎదురెదురు గోడల దూరాలు సమానమైతే ఒకే స్వరం రెట్టింపై గుంయ్‌మంటుంది.

గుడ్ల ట్రేలు గోడకు అంటించడం వృథా. అవి పైస్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడతాయి, మగ గొంతులోని కింది గుంయ్‌ను ఏమీ చేయలేవు. రెండంగుళాల రాక్‌వూల్, 48 కిలోల సాంద్రత ఉన్నది, 2×4 అడుగుల చెక్క చట్రాల్లో పెట్టి, మీద పలుచటి నూలుగుడ్డ కట్టి, గోడకు రెండంగుళాలు ఎడంగా తగిలించాం. అలాంటివి పన్నెండు. గోడకు అంటించకుండా ఎడం ఇస్తే అదే మందం ఇంకా కింది స్వరాలను కూడా పీలుస్తుంది. డబ్బు లేనివాళ్లకు పాత బొంతలు ఉన్నాయి. రెండు మడతలుగా వేసి, గోడకు నాలుగంగుళాల దూరంలో దండెం మీద వేలాడదీస్తే సగం పని అవుతుంది. శెనిక్కాయ పొట్టు నింపిన గోనెసంచులు పెడదామని ఒక సూచన వచ్చింది. శబ్దాన్ని పీలుస్తాయి, నిజమే. ఎలుకలను కూడా పిలుస్తాయి, నిప్పు అంటుకుంటే ఆగదు.

ట్రాన్స్‌మిటర్ స్టూడియోలో కాదు, పక్క గదిలో. ఉత్తరపు గోడకు, ఎగ్జాస్ట్ ఫ్యాను ఎదురుగా, నేల నుంచి మూడడుగుల ఎత్తున. మే నెలలో పగటి ప్రసారం చేస్తే హీట్‌సింక్ వేడెక్కి ట్రాన్స్‌మిటరే తన పవర్ తగ్గించేసుకుంటుంది. ఎర్ర దుమ్ము ఫ్యాను ఫిల్టరులో పేరుకుంటే జూన్‌లోనూ అంతే. పదిహేను రోజులకోసారి ఫిల్టరు దులపాలి.

రికార్డింగ్

మైకు డైనమిక్ కార్డియాయిడ్, ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం. నోటికి నాలుగు వేళ్ల దూరం, కాస్త పక్కకు. కండెన్సర్ మైకు నాణ్యత ఎక్కువే, కానీ అది ఊరినంతా వింటుంది: ట్రాక్టరు, పక్కింటి మిక్సీ, గోడ మీద బల్లి. బల్లి పలికితే శుభమో కాదో పంచాంగం చెప్పాలి గానీ, కండెన్సర్‌లో మాత్రం ఖాయంగా వినిపిస్తుంది.

రికార్డింగ్ మీటరు మీద స్థాయి సగటున మైనస్ 18, శిఖరాలు మైనస్ 6 డీబీ దాటకుండా. ఆరుబయట ఉరుములు (డోలు లాంటి ఇక్కడి జానపద వాద్యం) వాయించేవాళ్లను రికార్డు చేసేటప్పుడు ఇది సరిపోదు, మైనస్ 12 దగ్గరే ఆపాలి. మైకు రెండు మీటర్ల దూరంలో, ఉరుము ముఖానికి నేరుగా కాకుండా వాలుగా. చెక్కభజనలో చిక్కు వేరు. చెక్కల దెబ్బ క్షణంలో వచ్చిపోతుంది, మీటరు దాన్ని చూపించేలోపే పగిలిపోతుంది. ప్రసారంలో స్థాయి హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఆ దెబ్బను పట్టుకుని పాటగాడి గొంతును కూడా నొక్కేస్తుంది. అందుకే పాడేవాళ్లకు ఒక మైకు దగ్గరగా, చెక్కలకు ఒక మైకు దూరంగా పెట్టి, విడివిడి ట్రాకుల్లో తీసుకోవాలి. గాలికి నురగ టోపీ చాలదు, బొచ్చు తొడుగు కావాలి.

ఫోనులో రికార్డు చేసి పంపేవాళ్లకు ఒకే నియమం: వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా కాదు, డాక్యుమెంటుగా పంపాలి. వాయిస్ మెసేజ్‌ను వాట్సాప్ పిండేస్తుంది.

ల్యాప్‌టాప్ నుంచి బుర్రుమనే రొద వస్తే ముందు చార్జరు పీకి చూడాలి. రొద ఆగితే అది గ్రౌండ్ లూపు, అంటే పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కు కలవడం వల్ల వచ్చేది. మధ్యలో ఒకటికి ఒకటి ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే పోతుంది. చార్జరు ఎర్త్ పిన్నును విరగ్గొట్టడం పరిష్కారం కాదు. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసినప్పుడే రొద వస్తుంటే మైకు కేబుల్ యాంటెన్నాలా పనిచేస్తున్నట్టు. బ్యాలెన్స్‌డ్ కేబుల్, క్లిప్పు ఫెర్రైటు (కేబుల్‌కు తొడిగే, రేడియో తరంగాన్ని ఆపే ముక్క) వాడి, కేబుల్ పొడవు తగ్గించాలి.

లైసెన్స్ వచ్చాక. మొదటి ప్రసారం

ముందు డమ్మీ లోడు, అంటే యాంటెన్నా బదులు తగిలించి పవరును వేడిగా మింగేది. 50 ఓమ్‌లు, 100 వాట్లు తట్టుకునేది. దాని మీద 50 వాట్లు నాలుగు గంటలు నడిపి, వేడి, పవరు చూశాం. ఏ లోడూ లేకుండా ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు అక్కడికక్కడే పోవచ్చు. తర్వాత పవర్ 10 వాట్లకు తగ్గించి, యాంటెన్నా కలిపి, వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవరు వెనక్కి వస్తోందో చెప్పే అంకె) చూడాలి. 1.5 అంటే పంపినదాంట్లో 4 శాతం వెనక్కి వస్తోంది, పర్వాలేదు. 2 అంటే 11 శాతం, పెంచకుండా ఆగి వెతకాలి. వాన పడ్డ మర్నాడు ఈ అంకె పెరిగితే కనెక్టర్లో నీళ్లు చేరాయి.

విదేశీ మార్కెట్టుకు తయారైన ట్రాన్స్‌మిటర్లలో ప్రీ-ఎంఫసిస్ (పైస్థాయి స్వరాలను పంపేముందు పెంచే అమరిక) 75 మైక్రోసెకన్ల మీద ఉండొచ్చు. అది అమెరికా లెక్క, మనది 50. మార్చకపోతే “స”, “శ” ఈలలాగా కోస్తాయి. అలాగే స్టీరియో ఆపేసి మోనోలో పెట్టాం. స్టీరియో ఉందని సెట్టుకు చెప్పే 19 కిలోహెర్ట్జ్ పైలట్ కూడా లేకుండా. గ్రామీణ ప్రాంతంలో మోనోకు మీటరుకు 48 డీబీమైక్రోవోల్టుల క్షేత్రబలం (అక్కడ అందే సిగ్నల్ బలం) చాలు, స్టీరియోకు 54 కావాలని ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంఘం) సిఫారసు. మాటలే ఎక్కువున్న రేడియోకు స్టీరియో పెట్టడం అంచున ఉన్న ఊళ్లను వదులుకోవడమే.

మొదటి వారంలో వచ్చిన ఫిర్యాదు: “ఆకాశవాణి గట్టిగా వస్తుంది, మీది సన్నగా వస్తుంది.” పవర్ పెంచమన్నారు. కారణం పవర్ కాదు. గట్టి, మెల్లని శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ లేకుండా పంపితే సగటు స్థాయి తక్కువగా ఉంటుంది. 3:1 నిష్పత్తిలో కంప్రెషన్, దాని తర్వాత లిమిటర్, శిఖరాల్లో డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ ఊగే మేర) ±75 కిలోహెర్ట్జ్ దాటకుండా. దీంతో ఫిర్యాదు ఆగింది.

సిగ్నల్ సర్వే ఇలా. ఒకే రేడియో సెట్టు, ఏరియల్ ఒకే పొడవు లాగి, ప్రతి ఊళ్లో మూడు చోట్ల: రచ్చబండ, ఒక ఇంటి లోపల, ఊరి చివర. తోడుగా యూఎస్‌బీ ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే కంప్యూటరుకు తగిలించి సిగ్నల్ చూసే చిన్న రిసీవరు. ఇది టవరుకు వంద మీటర్ల లోపు పనికిరాదు, ఓవర్‌లోడై అబద్ధాలు చెప్తుంది. పటం చెప్పినట్టే గుట్ట వెనక తాండాల్లో ఇళ్ల లోపల రావడం లేదు, బయట వస్తోంది. ఇంకో ఇబ్బంది ఫోన్లది. చాలా కొత్త స్మార్ట్‌ఫోన్లలో ఎఫ్ఎం లేదు. 2023లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్ఎం ఉంచమని తయారీదారులకు సూచన ఇచ్చింది, అయినా కొనేటప్పుడు చూసుకోవాల్సిందే. ఎఫ్ఎం ఉన్న చాలా ఫోన్లకు ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్. వైరు లేకుండా “రావట్లేదు” అనేవాళ్లకు ముందు వైరు పెట్టమని చెప్పాలి.

ప్రసార వేళలు, వలంటీర్లు

ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6.30 నుంచి 8.30. రోజుకు నాలుగు గంటలంటే చాలా తక్కువ అనిపిస్తుంది. పావుగంట ఫీచరుకు రికార్డింగు, ఎడిటింగు కలిపి ఒకరికి ఒక రోజంతా పడుతుంది. కాబట్టి కొత్త సరుకు రోజుకు గంట, దాని పునఃప్రసారం మర్నాడు ఇంకో గంట, మిగతాది పాటలు, ఆకాశవాణి వార్తల రిలే, ఫోన్లు. ఆరు గంటలతో మొదలుపెట్టిన రేడియోలు సినిమా పాటల మీద బతకాల్సి వస్తుంది. సినిమా పాటలకు హక్కుల లైసెన్సులు వేరే. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో మొదలైన సంఘం రేడియోను నడిపిన మహిళలు కూడా రోజుకు కొద్ది గంటల ప్రసారంతోనే నిలబెట్టారు.

సొంత వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా రిలే చేయొచ్చు. కరెంటు కోత, నీటి సరఫరా, వాతావరణం, పరీక్షల తేదీలు, జాతరలు, అంటువ్యాధుల హెచ్చరికలు వార్తల కిందకు రావు, నిశ్చింతగా చెప్పొచ్చు. కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల పాత్రతో తయారవ్వాలి. రెడ్డిపల్లి కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) వాళ్లు కదిరి లేపాక్షి శెనిక్కాయ విత్తనం గురించి చెప్పిన పావుగంట, కక్కలపల్లి మార్కెట్టు టమోటా ధరలు, ఈ రెంటికే ఎక్కువ ఫోన్లు వస్తున్నాయి. వారానికోసారి సుగాలి భాషలో, ఇంకోసారి కన్నడంలో అరగంట. సరిహద్దు ఊళ్లకు అది దయతో ఇచ్చేది కాదు, వాళ్ల ఇంటి మాట.

వలంటీరుకు వారంలో ఒకే షిఫ్టు, ప్రతి షిఫ్టుకు ఇద్దరు, వాళ్లలో ఒకరికి ట్రాన్స్‌మిటర్ ఆన్, ఆఫ్ వరుస తెలిసి ఉండాలి. ఆ వరుస తలుపు వెనక పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. శెనిక్కాయ విత్తనం వేళ, పెరికే వేళ సగం మంది రారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ నెలల కోసం ముందే నలభై గంటల సరుకు దాచిపెట్టుకోవాలి. దాన్ని కంప్యూటరు తనంతట తానే వరుసగా వేసేస్తుంది.

ప్రకటనలు గంటకు 12 నిమిషాల వరకు వేయొచ్చు. ప్రభుత్వ ప్రకటనకు 10 సెకన్లకు 74 రూపాయలు. కాగితం మీద గంటకు 5,328 వస్తుంది. ఆ అంకెను బడ్జెట్లో రాసుకున్నవాళ్లు మొదటి ఏడాదే మూతపడతారు. మేము రాబడిలో దాన్ని సున్నాగా వేశాం.

ప్రసారమైన ప్రతిదీ మూడు నెలలు దాచాలి. 64 కేబీపీఎస్ మోనోలో గంటకు 29 ఎంబీ, రోజుకు నాలుగు గంటలు, 90 రోజులకు పదిన్నర జీబీ. ఇలా రికార్డు చేసి దాచే లాగరుకు సౌండు మిక్సరు నుంచి కాదు, గాలిలోని ప్రసారాన్ని పట్టే చిన్న ఎఫ్ఎం రిసీవరు నుంచి ఇచ్చాం. ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే లాగరులో హోరో, మౌనమో రికార్డవుతుంది. మిక్సరు నుంచి ఇస్తే అన్నీ బాగున్నట్టే చూపిస్తుంది.

ఇప్పుడు మిగిలిన పని: గుట్ట వెనక తాండాలకు ఇంటి పైకప్పు మీద పెట్టుకునే మూడు కడ్డీల యాగీలు (ఒక దిక్కు సిగ్నల్‌ను బలంగా పట్టే యాంటెన్నాలు) కట్టడం, అక్కడి బడిలో ఒక లౌడ్‌స్పీకర్ సెట్టు పెట్టడం. యాగీ కడ్డీలకు పాత అల్యూమినియం కర్టెన్ రాడ్లు సరిపోతున్నాయి. వెనక కడ్డీ 1.66 మీటర్లు, మధ్యది 1.58, ముందుది 1.48, మధ్య దూరాలు 65 సెంటీమీటర్లు. మన ప్రసారం నిలువుది కాబట్టి కడ్డీలు నిలువుగా నిలబెట్టాలి. టీవీ యాంటెన్నాలా అడ్డంగా పడుకోబెడితే సిగ్నల్‌లో ఎక్కువ భాగం పోతుంది.